ఆకలితో మెట్లు దిగిన మధ్యాహ్నం

మాది విజయవాడ. అక్కడ దేవుడికి దండం పెట్టుకుని మన పని మనం చూసుకుంటాం. కన్నడవాళ్ల నగరంలో, ఈ బళేపేటలో తాతల కాలం నుంచి ఉంటున్న తెలుగువాళ్లింటికి కోడలిగా వచ్చాక తెలిసింది, ఇక్కడ ఆ దేవుడు జవాబు చెప్పేదాకా కూర్చుంటారని.

మా అత్తయ్య ఏ పని తలపెట్టినా నరసింహస్వామిని పువ్వు అడుగుతుంది. విగ్రహం రెండు భుజాల మీద చెరో తడిపువ్వు అంటించి, మనసులో మాట చెప్పుకుని చూస్తుంది. స్వామి కుడివైపుది ముందు రాలితే సరే, ఎడమవైపుదైతే వద్దు. నాకు ఊరికే ఉండబుద్ధి కాదు. గాలికి రాలుతోందేమోనని ఒకసారి ఫ్యాన్ ఆపి చూశాను. అయినా రాలింది. తడి ఆరితే రాలక ఏం చేస్తుంది అనుకున్నాను. మరి రెండూ ఒకేసారి తడిపితే ఒకటే ముందు ఎందుకు ఆరాలి? అది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ రోజుల్లో కింది వాటాలో ఉండే పెద్దావిడ తుంటి ఎముక విరిగి మంచాన పడింది. జన్మంతా ఇంటికొచ్చినవాళ్లకు పెట్టి పంపిన మనిషి. ఒకరు తెచ్చి పెడితే తినే బతుకు నాకొద్దని అన్నం మానేసింది. కోడలు బతిమాలి బతిమాలి అలిసిపోయింది. ఇలాగే ఉంటే దక్కదని డాక్టరు చెప్పేశాడు. అత్తయ్య రోజూ చారన్నం మెత్తగా కలిపి తీసుకెళ్లేది, రోజూ గిన్నె అలాగే వెనక్కి వచ్చేది. నాకైతే ఒళ్లు మండేది. ఆవిడ మీదో, అత్తయ్య ఓపిక మీదో తెలీదు.

ఒక పొద్దున అత్తయ్య స్వామి ముందు కూర్చుని, ఈ రోజైనా ఆమెకు అన్నం పెట్టనా అని అడిగింది. ఎడమవైపు పువ్వు రాలింది. హమ్మయ్య, ఇక మానేస్తుందనుకున్నాను. అత్తయ్య చాలాసేపు అక్కడే కూర్చుని, లేచి వచ్చి పొయ్యి వెలిగించొద్దంది. మరి వెళ్లవా అన్నాను.

"పెట్టొద్దన్నాడు. పోవద్దనలేదు కదా."

మధ్యాహ్నందాకా ఇంట్లో ఎవరికీ తిండి లేదు. ఒక చేత్తో ఆఫీసు పని చేస్తూ, ఇంకో చేత్తో బిస్కెట్ల డబ్బా వెతుక్కున్నాను. అది కూడా ఖాళీ. చివరికి అత్తయ్య వట్టి చేతులతో మెట్లు దిగింది. ఏం చేస్తుందో చూద్దామని నేనూ వెనకే వెళ్లాను.

మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"అక్కా, ఆకలిగా ఉండాది. ఈ పొద్దు మా ఇంట్లో వండలేదు. ఏమన్నా ఉంటే పెట్టు."

పెద్దావిడ కళ్లు తెరిచి అత్తయ్యను ఎగాదిగా చూసింది. తర్వాత కోడల్ని పిలిచి, సంగటి, ఆకుకూర పులుసు వడ్డించమంది. గొంతులో ఎక్కడ లేని అధికారం. కంచం వచ్చింది. అత్తయ్య చెయ్యి పెట్టలేదు. తినమంటే, ఇంటామె పస్తుంటే నేనెట్ల తినేది అంది. నాకు నోట్లో నీళ్లూరుతున్నాయి, కళ్లలోనూ నీళ్లే. ఇంటికొచ్చిన మనిషి ఆకలితో లేచిపోతే ఆవిడ తట్టుకోలేదని అత్తయ్యకు తెలుసా, లేక నిజంగానే ఏమీ తెలియక కూర్చుందా?

కాసేపటికి పెద్దావిడ, నన్ను లేపి కూర్చోబెట్టండి అంది. తన చేత్తోనే చిన్న ముద్ద తుంచి పులుసులో అద్దుకుంది.

పైకి వస్తూ, ఇదంతా స్వామే చెప్పాడా అని అడిగాను. అత్తయ్య మెట్టు మీద ఆగింది.

"ఆయన వద్దని మాత్రమే అన్నాడు. తక్కినదంతా తెలీకుండానే పోయినాను. ఒకరి వాకిట్లో కూడు అడిగేదానికి ఎంత సిగ్గయిందో నీకు తెలీదు. ఇన్నినాళ్లు ఆ యమ్మను అదే కదా చెయ్యమంటిని."

మరుసటి రోజు భోజనాల వేళకు కింది కోడలు పరుగున పైకి వచ్చింది. సంగటి అయిందట. అత్తయ్య రాకపోతే ముద్ద ముట్టనని ఆవిడ కంచం ముందు పెట్టుకుని కూర్చుందట.