అలారం పెట్టెకు బొట్టు

ఫిల్మ్‌నగర్ అనగానే అందరికీ వెలుగే గుర్తొస్తుంది. ఆ వెలుగు పడ్డ రీళ్ళను కడిగి, ఆరబెట్టి, డబ్బాల్లో భద్రంగా దాచిన మనుషులు కూడా అక్కడే బతికారన్న సంగతి ఎవరికీ పట్టదు. రహమత్ నగర్ భిక్షం అలాంటివాడు. జూబ్లీహిల్స్ దిగువన ఒక పాత ప్రాసెసింగ్ ల్యాబ్‌లో నత్రజని మిషను అతని చేతికింద ఉండేది. చేతికింద అనడం మర్యాద కోసమే. నిజానికి అతనే దాని చేతికింద ఉన్నాడు.

ఆ మిషను చేసే పని చెప్పడం తేలిక. బయటి గాలిని పీల్చి, అందులోని నీళ్ళూ నూనే వడగట్టి, రెండు పొడుగాటి స్తంభాల్లో పోసిన నల్లటి గుళికల గుండా తోస్తుంది. మనం బతకడానికి కావలసిన ఆక్సిజన్ గుళికల దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన నత్రజని పైపుల్లోంచి నెగెటివ్‌ల గదికి వెళ్తుంది. అక్కడి ఇనుప బీరువాల్లో ఎవరెవరి సినిమాలో చెమ్మ తగలకుండా, బూజు పట్టకుండా ఆ గాలిలో నిద్రపోతుంటాయి. సినిమాకు మంచి చేసే ఆ గాలి మనిషికి పనికిరాదు. వాసన ఉండదు, రంగు ఉండదు, దగ్గయినా రాదు. గదిలో అది ఎక్కువైతే మనిషి నిలబడ్డచోటే కూలిపోతాడు.

భిక్షం పొద్దున్నే వచ్చి ట్యాంకు అడుగున చేరిన నీళ్ళు వదిలేవాడు. ఫిల్టర్లు విప్పి దులిపేవాడు, కంప్రెసర్‌లో నూనె మట్టం చూసేవాడు, స్తంభాలు ఒకదాని తర్వాత ఒకటి బుస్సుమని ఊపిరి వదలడం చెవి ఒగ్గి వినేవాడు. భార్య శకుంతలమ్మకు జ్వరమొస్తే పక్కింటివాళ్ళు చెప్పాల్సిందే గానీ, వాల్వు గొంతు మారితే మాత్రం మెట్లు దిగుతుండగానే తెలిసిపోయేది. ఆమె ఆ మాటే పట్టుకుని దెప్పేది. భిక్షం నవ్వి ఊరుకునేవాడు.

నెగెటివ్‌ల గది అచ్యుతరామయ్య రాజ్యం. భీమవరం వైపు నుంచి సినిమాల కోసం వచ్చి, చివరికి సినిమాల డబ్బాల దగ్గర స్థిరపడ్డ మనిషి. మధ్యాహ్నం ఇద్దరూ క్యారియర్లు విప్పి ఒక్కచోటే తినేవారు.

"మీ సిన్మాలల్ల మా మాట రౌడీలకే ఇస్తరేంది సారూ?" అని భిక్షం ఎత్తుకునేవాడు.

"మీరు జర అన్నా భయమేస్తుంది భిక్షం, అందుకనీ" అంటూ రామయ్య తన ఆవకాయ అతని కంచంలో వేసేవాడు.

రామయ్య భార్య సీతామహాలక్ష్మి భిక్షాన్ని అన్నయ్యగారూ అని పిలిచేది, అతను ఆమెను చెల్లె అనేవాడు. పిల్లలు లేని ఆ ఇంటికి అన్నా, చుట్టమూ అన్నీ అతనే.

అప్పటికి కొండ అవతల హైటెక్ సిటీ అద్దాల మేడలు లేచాయి. తెల్లారేసరికి చెక్‌పోస్టు దగ్గర కంపెనీ క్యాబులు బారులు తీరేవి. ల్యాబ్ యజమాని కొడుకు రవిచంద్ర ఆ మేడల్లో కొన్నాళ్ళు ఉద్యోగం వెలగబెట్టి తిరిగొచ్చాడు. ప్రతిదీ కంప్యూటర్‌లో కనపడాలన్న జబ్బు అక్కడే అంటుకుంది. నెగెటివ్‌ల గదిలో గుమ్మం పక్కన గాలిలో ఆక్సిజన్ ఎంతుందో చూపే పాత మీటరు ఉండేది. గుండ్రటి అద్దం, లోపల ముల్లు. భిక్షం రోజూ దాన్ని చూశాకే రామయ్యను లోపలికి వెళ్ళనిచ్చేవాడు. రవిచంద్ర దాన్ని పీకించి సబ్బుపెట్టెంత తెల్లటి పెట్టె బిగించాడు. ఆక్సిజన్ తగ్గితే గది బయట సైరన్ మోగుతుంది, ఆఫీసులో కంప్యూటర్ మీద అంకె కనిపిస్తుంది.

"ఇక మీరు దీని జోలికి రానక్కర్లేదు భిక్షం. కంపెనీవాళ్ళే మెయింటెనెన్స్ చూసుకుంటారు" అన్నాడు.

భిక్షానికి కాస్త మనసు నొచ్చింది. అయినా జోలికి వెళ్ళలేదు. దసరా దాకా వెళ్ళలేదు.

ఆయుధపూజ రోజున ల్యాబ్‌లో యంత్రాలన్నీ ఆపేస్తారు. భిక్షం తలస్నానం చేసి వచ్చి మిషన్ను గుడ్డతో తుడిచి, ప్రతి భాగానికీ గంధం, పసుపు కలిపిన ముద్దతో బొట్టు పెట్టి, మీద కుంకుమ అద్దేవాడు. కంప్రెసర్‌కు, స్తంభాలకు, బీరువాలకు, చివరగా గుమ్మం పక్కన మీటరు అద్దానికి. ఆ ఏడు కూడా అలాగే వచ్చాడు. మీటరు స్థానంలో తెల్లపెట్టె ఉంది. దాని ముఖం మధ్యలో రూపాయి బిళ్ళంత జాలీ, చిన్న చిన్న చిల్లులు. చూడగానే నుదురనిపించింది. ఇన్నాళ్ళు కాపాడినదానికి పెట్టి, కొత్తగా కాపాడటానికి వచ్చినదానికి పెట్టకపోతే ఎట్లా అనుకున్నాడు. బొటనవేలితో పసుపు ముద్ద తీసి సరిగ్గా జాలీ మీద గట్టిగా అద్దాడు. దణ్ణం కూడా పెట్టుకున్నాడు. ఆ చిల్లుల్లోంచే పెట్టె గాలి పీలుస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

మర్నాడు మిషను మొదలైంది. ఆగి మొదలైన ఒత్తిడికి ఒక బీరువా వెనక గొట్టం ఊడింది. గది మెల్లగా నత్రజనితో నిండింది. ఎండిన పసుపు వెనక పెట్టె నిన్నటి గాలినే చూసుకుంటూ కూర్చుంది. కంప్యూటర్ మీద అంకె చక్కగా ఉంది. సైరన్ మోగలేదు. ఎవరో నిర్మాతకు డబ్బా కావలసి వచ్చి రామయ్య తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాడు.

భోజనానికి ఎంతకీ రాకపోతే భిక్షమే వెతుక్కుంటూ వెళ్ళాడు. తలుపు తీస్తే బీరువాల మధ్య రామయ్య బోర్లా పడి ఉన్నాడు. ఊపిరి బిగబట్టి వెళ్ళి, చంకల కింద చేతులేసి వరండాలోకి ఈడ్చుకొచ్చాడు. ఛాతీ మీద ఒత్తాడు, పిలిచాడు, చెంపలు తట్టాడు. రామయ్యలో ఊపిరి లేదు. ఈ పెట్టె ఎందుకు మోగలేదని తల తిప్పి చూస్తే, తెరిచిన తలుపు లోపల గుమ్మం పక్కన పచ్చటి బొట్టు కనిపించింది. అప్పుడు అర్థమైంది. చెయ్యి దానంతటదే లేచింది. భుజం మీది తువ్వాలుతో ఆ బొట్టును గీకి తుడిచేశాడు. కాసేపటికే సైరన్ అరవడం మొదలుపెట్టింది, ఆ అరుపు విని అందరూ పరుగెత్తుకొచ్చారు.

అందరూ సైరన్ విన్నారు కాబట్టి అందరూ ఒకటే చెప్పారు. అలారం మోగుతుంటే రామయ్య లోపలికి వెళ్ళాడట. పోలీసులూ అదే రాసుకున్నారు. రవిచంద్ర మధురానగర్‌లో రామయ్య ఇంటికి వెళ్ళి సీతామహాలక్ష్మికి అదే చెప్పాడు. భిక్షం అక్కడే గోడకు చేరగిలి నిలబడి నోరు తెరవలేదు.

ఆమెకు కళ్ళల్లో శుక్లాలు. చూపిద్దామని రామయ్య రోజులు గడిపేశాడు. పండగ మర్నాడు పొద్దున కూడా రేపన్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది. "ఆ గదిలోనే పడి ఉండండి, ఇంక ఇంటికి రాకండి" అంది. అతను చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఇదంతా ఆమె పెద్దకర్మ అయ్యాక భిక్షంతోనే చెప్పుకుంది.

"మోగుతుంటే విని కూడా వెళ్ళారంటే ఏంటండీ అన్నయ్యగారూ దానర్థం? నేను పొమ్మన్నాననే కదా వెళ్ళారు."

చెప్పాల్సిన మాట భిక్షం నోటిదాకా వచ్చి ఆగింది. ఉద్యోగం పోతుందన్న భయం కొంత, పోలీసుల భయం కొంత. అసలు భయం మాత్రం ఆమె ముఖంలోకి ఎలా చూడాలన్నదే. నిజం చెప్పాలంటే పిరికితనం, ఇంకే పేరూ పెట్టక్కర్లేదు. దానికి బదులు సేవ చేశాడు. కూరలు తెచ్చిచ్చాడు, కరెంటు ఆఫీసుకు వెళ్ళాడు, గ్యాసు బండ మోశాడు. ఆమె అతని చేతిలో కాఫీ పెట్టి, ఎదురుగా కూర్చుని ఆ మాటే మళ్ళీ మళ్ళీ తవ్వుకుని ఏడ్చేది. కంటి ఆపరేషన్ చేయించుకోమంటే తల అడ్డంగా ఊపేది.

"ఆయన్ని చంపుకున్నదాన్ని, నాకు చూపెందుకండీ?"

సంవత్సరీకాలు దగ్గరపడ్డాయి. ఒకరోజు ఆమె కాఫీ గ్లాసు అతని చేతికివ్వబోయి గాలిలో వదిలేసింది. వేడి కాఫీ ఆమె పాదాల మీదే ఒలికింది. చెయ్యి ఎక్కడుందో ఆమెకు కనిపించలేదు. భిక్షం నేల తుడుస్తూ, తల ఎత్తకుండానే చెప్పేశాడు.

"చెల్లె, సార్ లోపలికి వోయినప్పుడు అలారం మోగలే. ఆయన ఏం వినలే. పండుగనాడు ఆ పెట్టె చిల్లుల మీద నేనే బొట్టు వెట్టిన. గాలి ఆడక అది మోగలే. సార్‌ను బయటికి తెచ్చినంక నేనే తుడిచిన, అప్పుడు మోగింది. నీ మాటకు గాదు సార్ పోయింది. నా బొట్టుకు."

 ఆమె మంచం కోడు తడుముకుంటూ లేచి నిలబడింది.

"అయితే ఆయన కోపంతో వెళ్ళలేదన్నమాట."

"లేదు చెల్లె. ఎప్పటిలెక్కనే పనికి వోయిండు."

"ఏడాదిగా నేను ఏడుస్తుంటే, ఎదురుగా కూర్చుని కాఫీ తాగారు." ఆమె గొంతు పెంచలేదు. "బొట్టు తెలియక పెట్టారు, అది నేను క్షమించగలనేమో. ఇది నావల్ల కాదు. వెళ్ళండి భిక్షంగారూ."

అన్నయ్యగారూ అనలేదు. భిక్షం వెళ్ళిపోయాడు.

మర్నాడు రవిచంద్రకూ చెప్పాడు. రవిచంద్ర లేచి గది తలుపు మూసి, "ల్యాబ్ అమ్మేస్తున్నాం, సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు తీసుకుంటున్నారు. ఇప్పుడిదంతా తవ్వకండి" అన్నాడు. పోలీస్ స్టేషన్‌లో కేసు మూసేశాం పొమ్మన్నారు. శిక్ష వెయ్యమని అడుక్కుంటే వేసేవాళ్ళు దొరకలేదు. వానలు పడే నాటికి మిషన్ను లారీలో ఎక్కించి ఎవరికో పంపేశారు. భిక్షం మాదాపూర్‌లో ఒక మేడకు వాచ్‌మన్ అయ్యాడు.

సీతామహాలక్ష్మికి తమ్ముడొచ్చి ఆపరేషన్ చేయించాడని ఆమె పక్క పోర్షన్‌లో ఉండే అమ్మాజీ చెప్పింది. ఇప్పుడు పేపరు కూడా తనే చదువుకుంటోందట.

ఒక ఆదివారం ఎర్రగడ్డ మార్కెట్లో భిక్షం ఉల్లిగడ్డలు ఏరుతున్నాడు. తలెత్తితే రోడ్డు అవతల ఆమె, చేతిలో సంచి. మధ్యలో బస్సులు, ఆటోలు, అంత జనం. ఆమె చూపు నేరుగా వచ్చి అతని ముఖం మీద ఆగింది. భిక్షం చెయ్యి ఎత్తబోయాడు. ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకుని, పక్క సందులోకి తిరిగి వెళ్ళిపోయింది.

అంత దూరం నుంచి గుర్తుపట్టిందంటే చూపు బాగా వచ్చినట్టే. భిక్షం ఆ సంతోషంతోనే, ఉల్లిగడ్డల రాశి ముందు నిలబడి, అందరూ చూస్తుండగా ఏడ్చాడు.