రెండు గంటల గిమ్లెట్

హోసూరు ఈశ్వరప్పకు చేతకాని పని లేదు. త్వరగా చేయడం మాత్రం ఆయన జాతకంలో లేదు. ఒక్క గ్లాసు గిమ్లెట్ కలపడానికి ఆ మహానుభావుడికి అక్షరాలా రెండు గంటలు కావాలి. గిమ్లెట్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. జిన్నులో తియ్యటి నిమ్మపాకం పోసి, ఐసు వేసి కలిపి, వడగడితే అయిపోయింది. పట్టుమని పది గుటకలుండదు. ఆ పది గుటకల కోసం ఆయన పడే పాట్లు చూస్తే పాలసముద్రం చిలికినవాళ్లు కూడా సిగ్గుపడాల్సిందే.

ఆయన ముప్పై ఏళ్లు ఒక బండ్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. పిస్టన్‌లో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్ర స్టిక్కరు అంటించి వెనక్కి పంపిన చెయ్యి అది. యంత్రాలు బిగించడానికి వచ్చిన ఓ తెల్ల ఇంజనీరు గెస్ట్‌హౌసులో ఈయనకు గిమ్లెట్ నేర్పించి పోయాడు. కలపడం వరకే ఆ దొర నేర్పింది. తనిఖీ మనవాడు సొంతంగా చేర్చుకున్నాడు.

ఆ తనిఖీకి బలైనవాడు పక్కింటి లక్ష్మణప్ప. కంపెనీ బస్సు డ్రైవరు. మంచివాడే గానీ, సాయంత్రమైతే కాళ్లు వాటంతటవే బ్రాందీషాపు దారి పట్టేవి. ఒకనాడు తెల్లవారుజామున డ్యూటీకి పోతే, తాగిందీ లేనిదీ తేల్చడానికి గేటు దగ్గర ఊదమని పెట్టిన మిషన్‌లో ఎర్ర లైటు వెలిగింది. మేనేజరు పిలిచి ఒకటే మాట చెప్పాడు: ఆరు నెలలు వరసగా పచ్చ లైటు వెలిగితే ఉద్యోగం పర్మనెంటు, మధ్యలో ఇంకొక్కసారి ఎర్రది వెలిగితే ఇంటికే. లక్ష్మణప్ప ఆ రోజంతా భయపడ్డాడు. సాయంత్రానికి భయం తీరడానికని షాపుకు బయల్దేరాడు.

గుమ్మం దగ్గరే ఈశ్వరప్ప అడ్డం తగిలాడు.

"యాడికప్పా? లోపలికి రా. దొరలు తాగేది ఒకటి కలిపిస్తాను. ఊరికేనే."

ఊరికేనే అన్న మాట లక్ష్మణప్ప చెవికి సన్నాయిలా వినిపించింది. సరిగ్గా అయిదున్నరకు పోయి కుర్చీలో కూర్చున్నాడు. ఈశ్వరప్ప గ్లాసు తేలేదు. రెండు బొక్కలున్న ఒక ఉక్కు రేకు తెచ్చాడు.

"ఇదేందన్నా?"

"గేజప్పా. పెద్ద బొక్కలో నిమ్మకాయ దూరల్ల. చిన్నదాంట్లో దూరగూడదు. అప్పుడే పాసు."

"నిమ్మకాయకి కూడా పాసూ ఫెయిలా!"

"మనిషికే ఉండాది, దానికెందుకు లేదు?"

పన్నెండు కాయల్లో తొమ్మిది తప్పాయి. ఒక్కోదానికీ ఎర్ర స్టిక్కరు పడింది. ఆయన భార్య పిల్లమ్మ వాటిని ఏరి ఊరగాయ జాడీలో వేసింది. ఆ వీధిలో ఏ ఇంట్లో ముద్ద కలిపినా నంజుకునేది ఈశ్వరప్ప తిరస్కరించిన నిమ్మకాయే.

పాసైన మూడింటికీ తెల్లపొర రాకుండా తొక్క తియ్యడం అరగంట. చక్కెరను కంసాలి త్రాసులో తూచడం, పాకం కాచడం, అది చల్లారేదాకా దానికేసి చూస్తూ కూర్చోవడం ముప్పావు గంట. జిన్ను సిరంజిలో లాగి, బుడగ పోయేదాకా గోటితో కొట్టి కొట్టి పోశాడు. ఐసు గడ్డల అంచులను వెర్నియర్ కొలబద్దతో కొలిచాడు. కొలిచేలోపు అవి కరిగాయి. మళ్లీ వేరేవి కొలిచాడు. చివరికి గ్లాసు లైటుకెత్తి, ఒక కన్ను మూసి చూశాడు. లక్ష్మణప్ప లేచి నిలబడి చెయ్యి చాపాడు.

"మబ్బుగా ఉండాది. రిజెక్ట్," అని ఈశ్వరప్ప గ్లాసును సింకులో వంచేశాడు.

"అయ్యయ్యో! నా నోట్లో పోసింటే పోయుండేది గదన్నా!"

"రిజెక్టయిన సరుకు కస్టమరు దగ్గరికి పోగూడదప్పా. ముప్పై ఏండ్ల పేరు నాది."

రెండో గ్లాసు తయారయ్యేలోపు ఆకలి దంచేసింది. పిల్లమ్మ రాగిముద్ద, అనపగింజల చారు పెట్టింది. కడుపునిండా తిన్నాక, ఎనిమిదింటికి, గ్లాసు చేతికొచ్చింది. చల్లగా, పుల్లగా, వెనకనుంచి తియ్యగా గొంతు దిగింది. నిజం చెప్పాలి, అంత రుచైనది లక్ష్మణప్ప జన్మలో తాగలేదు. ఇంకొకటి అడుగుదామని నోరు తెరిస్తే మాటకు బదులు ఆవులింత వచ్చింది. నాలుగింటికి లేవాల్సిన మనిషి! పోయి పడుకున్నాడు.

తాగింది ఒక్క గ్లాసే కాబట్టి మర్నాడు గేటు దగ్గర పచ్చ లైటే వెలిగింది; సాయంత్రం మళ్లీ పోయాడు. ఆ మర్నాడూ పోయాడు. పోతూనే, బస్సులో అందరి ముందూ ఆయన్ని తిట్టిపోసేవాడు. "ఒక్క గుటక పొయ్యడానికి కూర్చోబెట్టి కాళ్లు తిమ్మిరెక్కిస్తాడప్పా ఆ ముసలాయన!" ఒకరోజు రెండు గ్లాసులు రిజెక్టయ్యేసరికి ఒళ్లు మండి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"నేను పోతానన్నా. షాపులో అయితే అడిగిన నిమిషంలో ఇస్తారు."

"పోప్పా, నేనేం పట్టుకున్నానా? పాకం మాత్రం ఈ పొద్దు బ్రహ్మాండంగా కుదిరింది. ఇంగ పది నిమిషాలు."

లక్ష్మణప్ప గుమ్మంలో తటపటాయించాడు. రెండు గంటలు కాపు కాసి, తీరా ఇప్పుడు పోతే అంతకన్నా వెర్రితనం ఉందా? చెప్పులు విడిచాడు. ఆ పది నిమిషాలు నలభై అయ్యాయి.

అలా ఆరు నెలలు గడిచాయి. ఆఖరి రోజు కూడా పచ్చ లైటే వెలిగింది. మేనేజరు పర్మనెంటు ఆర్డరు చేతిలో పెట్టాడు. డ్యూటీ దిగగానే లక్ష్మణప్ప మైసూరుపాకు పొట్లం కట్టించుకుని పరుగున వచ్చాడు. ఈశ్వరప్ప ఇంట్లో లేడు. నిమ్మకాయలకని జవళగిరి పోయాడట.

"సంతోషమప్పా! ఉండు, నేను కలిపిస్తాను," అంది పిల్లమ్మ.

ఫ్రిజ్‌లోంచి ఒక సీసా పాకం తీసింది. కంటి అంచనాతో జిన్ను పోసింది, పాకం పోసింది, ఐసు వేసి గరిటె కాడతో నాలుగు తిప్పులు తిప్పి, టీ జల్లెడలో వడగట్టి ఇచ్చింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తాగి చూస్తే అదే రుచి. ఏమాత్రం తేడా లేదు.

లక్ష్మణప్ప గ్లాసును లైటుకెత్తి చూశాడు.

"ఇంతేనా వదినా?"

"ఇంతే. మా అల్లుడొస్తే ఈయనే అయిదు నిమిషాల్లో నాలుగు గ్లాసులు కలిపేస్తాడు."

"మరి నాకెందుకు రెండు గంటలు?"

పిల్లమ్మ సీసాకు మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "నీకు ఎర్ర లైటు వెలిగిన పొద్దు నీ పెండ్లాం సుమ ఈడికొచ్చి ఏడ్చిపోయింది. తాగొద్దని బుద్ధి చెప్పమని నేనే ఈయనకి చెప్తిని. 'నాకొచ్చిన విద్య తప్పులు పట్టేదొకటే. మనిషిలో తప్పు పడితే మనిషి దూరమైపోతాడు, నిమ్మకాయలో తప్పు పడతాను లే' అన్నాడు. నువ్వు పోయినాక రోజూ నడుము పట్టుకుని మూలుగుతాడప్పా, అంతసేపు నిలబడి నిలబడి."

లక్ష్మణప్పకు కళ్లు చెమర్చాయి. ఆరు నెలలు ఎన్ని తిట్లు తిట్టాడో గుర్తొచ్చి సిగ్గేసింది, వెంటనే నవ్వొచ్చింది. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాడు.

"నాకు తెలిసిపోయినట్టు ఆయనకి చెప్పద్దు వదినా," అని వెళ్లిపోయాడు.

మర్నాడు అయిదున్నరకు లక్ష్మణప్ప ఒక్కడే రాలేదు. వెంట ఒక బక్కపలచటి మనిషి, తల వంచుకుని.

"అన్నా, ఇతను నాగేశప్ప. మా కంపెనీ డ్రైవరే. మొన్న గేటు దగ్గర ఊదితే ఎర్ర లైటు వెలిగింది. ఇతనికి కూడా ఒక గ్లాసు కలపల్ల."

ఈశ్వరప్ప అతన్ని ఎగాదిగా చూశాడు. లక్ష్మణప్పను చూశాడు. భార్య వైపు చూస్తే ఆమె చూపు ఫ్యాను మీద ఉంది. గొంతు సవరించుకున్నాడు.

"ఇద్దరికి అంటే కొంచెం లేటవుతుందప్పా."

లక్ష్మణప్ప కుర్చీ లాగి నాగేశప్పను భుజాలు పట్టి కూర్చోబెట్టాడు.

"నిదానంగానే కలపన్నా. ఈయనకి తొందరేం లేదు."