నూలు సంచిలో ఏడాది కారం

మా చిన్నప్పుడు... మహారాష్ట్ర భివండిలోని నార్పోలిలో, మధ్యాహ్నమయ్యేసరికి మా ఒంటిగది ఖోలీ గుమ్మం ముందు చెప్పుల గుట్ట ఉండేది. చుట్టుపక్కల సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే మన తెలంగాణ వాళ్లంతా అమ్మ చేతి అన్నానికి వచ్చేవారు. సాంచె పట్టాలో పడి నాయన కుడిచెయ్యి నలిగిపోయాక... అమ్మా నాయనలకు, అక్కకు, నాకు ఆ మెస్సే తిండి పెట్టింది.

వాళ్లందర్నీ మా ఇంటికి లాక్కొచ్చేది అమ్మ కారం. ఎండాకాలం ఊరికి పోయి, మిరపకాయలు గలగలమనేదాకా ఎండబెట్టి, గిర్నీలో పట్టించి, పాత చీర మీద ఆరబోసి... పూర్తిగా చల్లారాకే జాడీలో కూరి వాసెన కట్టేది. ఏడాదంతా ఎర్రగా, ఘాటుగా ఉండేది. బజారు కారం తినేవాళ్లంటే మాకు కొంచెం చిన్నచూపు కూడా.

ఒక ఏడు నాయన ఊరి నుంచి భివండి దాకా ఒంటిచేత్తో జాడీ మోయలేనన్నాడు. బదులుగా సాంచెలకు నూలు వచ్చే మందపాటి ప్లాస్టిక్ సంచులు తెచ్చాడు. మా వాళ్లకు ఆ సంచులంటే ఎంత నమ్మకమో... బియ్యం, బట్టలు, బడి పుస్తకాలు అన్నీ వాటిలోనే.

"జర సల్లారనియ్యి. ఉడుకుడుకుది మూటగడ్తరా?" అంది అమ్మ.

"బస్సు పోతది. నూలుకే తడి తాకనియ్యదు గీ సంచి, కారానికి తాకనిస్తదా?" అన్నాడు నాయన.

నూలు గురించి మా నాయనకు తెలియనిది లేదు. నూలును ఎవరూ వేడివేడిగా మూటగట్టరన్న సంగతే ఆయనకు తట్టలేదు.

వానలు పడ్డాక అమ్మ మొదటి మూట విప్పింది. బయటి తడి నిజంగానే లోపలికి పోలేదు... లోపలి ఆవిరీ బయటికి పోలేదు. కారం గడ్డలు కట్టి, అంచుల వెంట తెల్లగా బూజు పట్టింది. మిగతా మూటలూ అంతే.

ఏడాది కారం పారబోయడానికి అమ్మకు చేతులు రాలేదు. బూజు తీసింది, జల్లించింది, ఎండ లేక పెంక మీద వేయించింది. ఆ ఘాటుకు వరుసలో ఉన్న ఖోలీలన్నీ దగ్గాయి. ఆ కారమే కూరల్లో వేసింది.

మెస్సులో తినేవాళ్లలో ఇద్దరికి కడుపులు చెడి పనికి పోలేకపోయారు. పనికి పోకపోతే ఆ రోజు కూలి లేదు. అందరిలోకి పెద్దవాడు, అమ్మను సొంత చెల్లెలిలా చూసుకునే కొమురయ్య మామ, కంచం ముందు తల వంచుకునే చెప్పాడు.

"చెల్లే... కూరల బూజు వాసనొస్తున్నది. పోరగాండ్లు భయపడ్తున్రు. రేపటిసంది మేం వేరేకాడ తింటం. ఏమనుకోకు."

అమ్మ ఆయన కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టింది.

ధామన్కర్ నాకా బజారు నుంచి కొత్త కారం తెచ్చి వండినా ఎవరూ తిరిగి రాలేదు. దసరా రాకముందే మెస్సు మూతపడింది. అమ్మ సాంచెలకు నూలు కండెలు చుట్టే పనికి పోయింది... బడి మానేసి అక్క కూడా ఆమె వెంట పోయింది. నాయన మిగిలిన మూటలన్నీ మోరీలో పోసి వచ్చి, ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇప్పుడు కారం జిప్పు ప్యాకెట్లలో వస్తోంది, మీద తారీఖు కూడా వేసి. అమ్మ మాత్రం వారానికి సరిపోయే చిన్న ప్యాకెట్టే తెమ్మంటుంది. "పెద్దది తెస్తనే, అగ్గువ పడ్తది" అని నేనంటే...

"వద్దు బిడ్డా. దాసిపెట్టుడు ఇగ నాతోని కాదు" అంటుంది.

మీ ఇళ్లల్లో ఏడాది కారం దేంట్లో దాచేవారు... ఇంకా దాచే ధైర్యమున్న అమ్మలు ఉన్నారా? ఉంటే రాయండి. మా అమ్మకు చదివి వినిపిస్తాను.