నాలుగో బోగీలో దారం ఉండ

నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి. నా ఇద్దరు పిల్లల మీద ఒట్టు, ఇది నాకే జరిగింది. చుక్క ముట్టే అలవాటు కూడా లేదు నాకు.

నరసాపురం స్టేషన్‌లో రైలు బోగీలు ఊడ్చే పని నాది. పట్టాలు ఇక్కడితో ఆఖరు. బొగ్గింజన్ల కాలంలో మా నాన్న ఇక్కడే ఇంజన్లకి నీళ్లు పట్టేవాడు. ఇప్పుడు కరెంటు ఇంజన్లు వచ్చాయి. రాత్రి ఆఖరి ప్యాసింజర్ వచ్చాక, నిద్రపోయినవాళ్లని లేపి దించేసి, ఊడ్చి, తలుపులు వేయాలి.

మా ఆవిడ సత్యవతి లేసు అల్లేది. శనివారం శనివారం భీమవరంలో కొట్టువాళ్లకి ఇచ్చి, ఆ ఆఖరి బండికే తిరిగొచ్చేది. నా పని అయ్యాక ఇద్దరం సైకిలు మీద ఇంటికి పోయేవాళ్లం.

పోయినేడాది ఒక శనివారం... నాలుగో బోగీలో కిటికీకి తల ఆనించి, మొహం మీద కొంగు కప్పుకుని పడుకుంది. ఒళ్లో లేసు. పాపం అలిసిపోయింది, కాసేపు పడుకోనీ అనుకున్నాను. ఆమె కాళ్ల చుట్టూ ఊడ్చుకుని వెళ్లిపోయాను. బోగీలన్నీ అయ్యాక వచ్చి లేపితే... లేవలేదు.

గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు గారు. "ఎప్పుడండీ?" అని అడిగాను. చెప్పలేమన్నారు.

నేను లేపకుండా వెళ్లినప్పుడు ప్రాణం ఉందా? అదొక్కటే నన్ను తినేస్తోంది.

మొన్న వానాకాలంలో, అదీ శనివారమే. లైట్లు ఆర్పేశారు. టార్చి పట్టుకుని నాలుగో బోగీ ఎక్కాను. ఎవరూ లేరు. చీపురు వేశాను... సర్... సర్... ఆపాను. ఇంకేదో చప్పుడు. మెత్తగా... దొర్లుతున్నట్టు.

సీటు కింద నుంచి తెల్ల దారం ఉండ. మెల్లగా... మెల్లగా వచ్చి... నా కాలికి తగిలి ఆగింది.

బండి కదలడం లేదు. కిటికీలు నేనే మూశాను. దారం కొస ఆ కిటికీ సీటు మీదికి పోయింది. బిగుతుగా ఉంది... అవతల ఎవరో పట్టుకున్నట్టు. టార్చి అటు వేయడానికి చెయ్యి రాలేదు.

"ఏవండీ... లేపరేంటండీ?"

ఆ గొంతే! కోపం లేదు. నిద్రమత్తు.

"సత్యా! లేవే... ఇంటికెళ్దాం లే!" అని బావురుమన్నాను. టార్చి వేస్తే సీటు ఖాళీ. తడిమి చూశాను. చల్లగా ఉంది.

నా అరుపుకి తోటి పనివాడు వెంకన్న పరిగెత్తుకొచ్చాడు. ఉండ చేతిలోకి తీసుకున్నాడు. "ఎవరో మర్చిపోయుంటారు బాబాయ్. మనూళ్లో లేసు అల్లనోళ్లెవరు?" అన్నాడు.

అయ్యుండొచ్చు. మరి ఆ మాటో? లేపమని అడిగిందంటే... ఆ రోజు నేను ఊడ్చుకుని వెళ్లేటప్పటికి బతికే ఉందా? నాకు తెలీదండీ. ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడు ఎవరు పడుకుని కనిపించినా భుజం పట్టి కుదిపేస్తాను. "ఏంటయ్యా, కాసేపు పడుకోనివ్వవా?" అని కసురుకుంటారు. ఆ కసురు వినగానే నాకు ప్రాణం లేచొస్తుంది.