బస్సంతా విన్న వాంగ్మూలం

టెక్కలిలో బస్సెక్కాక నా పక్కన భావనపాడు నుంచి వచ్చిన మత్స్యకార మహిళ ఒకామె కూర్చుంది. తుపానుకు పడవలు పోయినవాళ్లకు రావలసిన సాయాన్ని వాళ్ల ఊరి నాయకుడు, పడవే లేకపోయినా ఎన్నికల్లో తనకు పనికొచ్చేవాళ్లకు ఇప్పించాడట. ఆ విచారణలో సాక్ష్యం చెప్పడానికి శ్రీకాకుళం వెళ్తోంది.

నరసన్నపేటలో ఇద్దరు మగవాళ్లు ఎక్కి నేరుగా ఆమె దగ్గరికే వచ్చారు.

“దిగిపో అప్పా. ఊళ్లో మాటాడుకుందుం,” అన్నాడొకడు. రెండోవాడు ఆమె సంచి పట్టుకుని లాగాడు.

ఆమె లేచింది. దిగిపోతుందనుకున్నాను. కానీ వెనక సీట్ల వైపు తిరిగి, గొంతెత్తి తన పేరు చెప్పింది. ఎవరి పడవలు పోయాయో, సాయం ఎవరెవరికి అందిందో పేరుపేరునా చెప్పింది. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపేశాడు.

“ఇప్పుడు దింపండ్రా సూద్దుం. నా ఒక్కదాని నోరు మూసీసినా ఏటి లాభం? ఇంతమంది ఇనీసినారు.”

వాళ్లు చుట్టూ చూసి, సంచి వదిలేసి దిగిపోయారు.

ఆమె కూర్చుని సంచి ఒళ్లోకి లాక్కుంది. “దడొచ్చీసినాది బాబూ,” అంది.

నేను విజయనగరం వెళ్లాలి. అయినా శ్రీకాకుళంలో ఆమెతోపాటు దిగి, విచారణ జరిగే ఆఫీసు గుమ్మం దాకా నడిచాను.