సాయిలు పథ్యం

మాదాపూర్‌లోని ఓ మందుల కంపెనీ అద్దాల మేడ గేటు దగ్గర సాయిలు కార్డు అడగకుండా వదిలేది ఒక్క డాక్టర్ వాసంతినే. ఆమె కారు మలుపు తిరగ్గానే లేచి, కీళ్లవాతంతో వేళ్లు వంగవు కనుక అరచేతులతోనే గేటు కర్ర ఎత్తి, సలాం కొట్టేవాడు. "మీ ఒంట్లోని కాపలావాళ్లే సొంత ఇంటివాళ్లను దొంగలనుకుని కొడుతున్నారు సాయిలు గారూ. ఈ కొత్త టీకా వాళ్లకు మనవాళ్లెవరో నేర్పుతుంది" అని ఆమె చెప్పిన మాట ఆ కాపలావాడికి ఇట్టే ఎక్కింది. ఏడాదిపాటు నెలకో సూది. ఎవరూ చెప్పకపోయినా పథ్యం పట్టాడు. వంకాయ మానేశాడు, గోంగూర మానేశాడు, బోనాల నాడు ఇంటిల్లిపాదీ యాటకూర తింటుంటే తాను ఉత్త పెసరపప్పుతో సరిపెట్టుకున్నాడు. ఆర్నెల్లకు చొక్కా గుండీలు తనే పెట్టుకుని, గేటుకొచ్చిన ప్రతివాడికీ విప్పి, మళ్లీ పెట్టి చూపించాడు.

నిన్న ఆమె పిలిచి టీకా మీద పరీక్షలు ముగిశాయంది. సగం మందికి టీకా, సగం మందికి ఉప్పునీళ్లు ఎక్కించారట. ఆ సంగతి అతను సంతకం పెట్టిన కాగితంలోనే ఉందట. అతనికి పడింది ఉప్పునీళ్లు. "మరి నా వేళ్లు వంగినయి గద మేడం?" అన్నాడు. "అదంతా మీ నమ్మకమండీ" అని నవ్వింది. ఈ పొద్దున గుండీలు మళ్లీ భార్యే పెట్టింది. డాక్టరమ్మ కారొచ్చింది, గేటు కర్ర లేవలేదు. సాయిలు వచ్చి కారు అద్దం పక్కన నిలబడ్డాడు.

"కార్డు చూపెట్టుండ్రి."

"అదేంటి సాయిలు గారూ, నన్ను గుర్తుపట్టలేదా?"

"గుర్తుపట్టిన మేడం. కార్డు చూపెట్టుండ్రి."