పాచి పట్టిన వల

సత్తియ్య ఎడమకాలి బొటనవేలికి వల తగిలించి బిగువుగా లాగాడు. తెగిన వలకన్ను అంచులు కత్తితో సరిచేసి, సూది దూర్చి మొదటి ముడి వేశాడు. బిగించగానే వేళ్ల సందుల్లో నిప్పు తగిలినట్టు మండింది. ఆ మంట అతనికి కొత్త. అయినా ముడి జారనివ్వలేదు. మొగల్తూరు దిగువన ఆ తీరపు ఊళ్లో, సత్తియ్య వేసిన ముడి ఊడాలంటే కొయ్యాల్సిందేనని పేరు.

భార్య పోయి ఆరేళ్లు. వేటకెళ్లే వయసు దాటాక వలలు బాగుచేయడమే అతని బతుకు. రోజుకోసారి బేబి టీకొట్టు దగ్గర కూర్చున్నప్పుడే నలుగురితో మాట.

అది 2002. జనవరి దాటగానే వేటకెళ్లిన వలలకు వెంట్రుకల్లాంటి నల్లటి సముద్రపు పాచి పట్టి రావడం మొదలైంది. వారం తిరక్కుండా సత్తియ్య వేళ్లూ, వల పరుచుకునే తొడలూ పొంగి, బొబ్బలెక్కి, తోలు ఊడింది. చూసినవాళ్లు అంటురోగమన్నారు.

ఒకరోజు బేబి అతనికి టీ విడి గ్లాసులో పోసింది.

“ఏమనుకోకు బాబాయ్. నువ్వు కూచుంటే మిగతావోళ్లు లేచిపోతన్నారు.”

“గ్లాసు నేనే తెచ్చుకుంటాలేమ్మా,” అన్నాడు. తర్వాత వెళ్లడమే మానేశాడు. వలలు రావడం తగ్గి, చివరికి ఆగిపోయింది. వాకిట్లో కూర్చుంటే దారినపోయేవాళ్లు అవతలి పక్కకు జరిగి నడిచేవారు.

నరసాపురంలో చర్మం డాక్టరు చేతులు చూశాడు. “ఇది అంటుకునేది కాదండి. సముద్రపు నాచుల్లో కొన్నింటికి విషం ఉంటుంది. తడిగా ఒరుసుకున్నా, ఎండి పొడిగా పడినా ఒళ్లు కాలుస్తుంది. వల మంచినీళ్లతో కడిగాకే పట్టుకోండి. మీరూ సబ్బుతో కడుక్కోండి.”

ఊళ్లో చెబితే నవ్వారు. సత్తియ్య చెప్పడం మానేశాడు. పాచితో ఒడ్డుకు కొట్టుకొచ్చిన వలలోంచి రెండు ముక్కలు కోశాడు. ఒకటి బోరింగు నీళ్లలో నానబెట్టి పాచి పోయేదాకా సబ్బుతో రుద్దాడు. రెండోది అలాగే ఉంచాడు. తడిగానే చెరో పిక్కకు కట్టుకున్నాడు. సాయంత్రానికి, ఉతికిన ముక్క కింద చర్మం మామూలుగా ఉంది. రెండో పిక్క మీద వలకన్నుల ఆకారంలోనే దద్దుర్లు లేచాయి. చూపించడానికి ఇంట్లో ఎవరూ లేరు.

మర్నాడు పడవ యజమాని చిట్టియ్య వచ్చాడు. తెచ్చిన వలను పడవ తోసే పొడవాటి గెడతో దడి లోపలికి నెట్టి దూరంగా నిలబడ్డాడు.

“ఏంటిరా అల్లుడా, పాముని నెట్టినట్టు?”

“నీ జబ్బు నాకొద్దు మావా. ఎవడో వేసిన ముడులు ఒక్క వేటకే జారిపోయాయి. లేపోతే రాకపోదును.”

అంటూనే చొక్కా కింద నడుం బరుక్కున్నాడు. తడి నిక్కరు బిగుసుకునేచోట ఎర్రటి దద్దు కనిపించింది. చిట్టియ్య గబుక్కున చొక్కా దించాడు.

“నా వాకిట్లోకి నువ్వొచ్చి ఎన్నాళ్లయింది?”

“నెలన్నర.”

“మరి నడుముకి ఎవరంటించార్రా? నేనా, నీ వలా?”

సత్తియ్య పంచె ఎత్తి రెండు పిక్కలూ చూపించి, ఏ ముక్క ఎలా కట్టుకున్నాడో చెప్పాడు. చిట్టియ్య గెడ పట్టుకుని చాలాసేపు చూశాడు. చూసి, వెళ్లిపోయాడు.

సత్తియ్య చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని ఆ వలను మూడు నీళ్లలో ఉతికాడు. రెండు రోజులు ఎండబెట్టాడు. తర్వాత సంచులు విప్పేసి, ఉత్తచేతులతో కన్ను కన్నూ తడుముతూ ముప్ఫైచోట్ల ముడులు వేశాడు. ఈసారి వేళ్లు మండలేదు. వాకిట్లో సూది చప్పుడు తప్ప మరొకటి లేదు.

నాలుగోరోజు పొద్దున్న చిట్టియ్య గెడ లేకుండా వచ్చాడు. సత్తియ్య వల మడిచి రెండుచేతులా చాచాడు. చిట్టియ్య ఆ చేతుల వైపు ఒకసారి చూసి, అందుకున్నాడు. ఒక ముడిని గోటితో లాగి చూశాడు. అది కదల్లేదు. వలను చొక్కా లేని ఉత్తి భుజం మీద వేసుకుని ఒడ్డుకు నడిచాడు.